ఊరికి వయసు పైబడుతోంది: స్థానిక డేటాతో ప్రణాళిక వేసుకోవడం ఎలా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2030 నాటికి ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు 60 ఏళ్లు దాటినవాళ్లే ఉంటారు. 2050 నాటికి 80 దాటినవాళ్లే 42.6 కోట్లకు చేరతారు. జనాభాలో 60 దాటినవాళ్ల వాటా 10 శాతం నుంచి 20 శాతానికి పెరగడానికి ఫ్రాన్స్‌కి దాదాపు 150 ఏళ్లు పట్టింది. భారత్, చైనా, బ్రెజిల్‌లకు అదే మార్పు ఇరవై ముప్ఫై ఏళ్లలోనే జరిగిపోతుంది. అంటే ఫ్రాన్స్ ఐదారు తరాల్లో నెమ్మదిగా సర్దుకున్నది ఇక్కడ ఒక్క తరంలో సర్దుకోవాలి.

ఈ అంకెలు అందరికీ తెలుస్తున్నాయి. కానీ ఏ మలుపులో బెంచీ వేయాలో, ఏ వార్డుకి ఇంటికొచ్చే నర్సు ముందు కావాలో దేశం మొత్తం సగటు చెప్పదు. అది చెప్పగలిగేది ఆ చోటి లెక్కలే. వార్డు సభ్యులు, కాలనీ సంఘాలు, ఆరోగ్య కేంద్రాల సిబ్బంది, స్వచ్ఛంద సంస్థలు, ఎవరైనా సరే, పెద్ద బడ్జెట్ లేకుండా ఈ పని ఎలా మొదలుపెట్టి ఎలా నడపాలో ఇక్కడ వరసగా చెబుతాను. ఒక స్ప్రెడ్‌షీట్, ఒక మ్యాప్, నడిచే ఓపిక ఉన్న నలుగురు మనుషులు ఉంటే చాలావరకు అయిపోతుంది.

1. ముందు నిర్ణయం, ఆ తర్వాతే డేటా

చాలా చోట్ల ఈ పని సర్వేతో మొదలై నివేదికతో ముగిసిపోతుంది. యాభై ప్రశ్నలు అడుగుతారు, రంగురంగుల చార్టులు గీస్తారు, ఆ తర్వాత ఏమీ మారదు. కారణం ఒకటే: ఆ జవాబులతో ఎవరు ఏం చేయాలో ముందుగా అనుకోలేదు.

అందుకే మొదటి రోజు కాగితం మీద ఒక వాక్యం రాయండి: "ఫలానా వివరం తెలిస్తే, ఫలానా వాళ్లు, ఫలానా నెలలోగా, ఫలానా విషయం తేలుస్తారు." ఉదాహరణకి, "70 దాటి ఒంటరిగా ఉంటున్నవాళ్లు ఏ వీధుల్లో ఎక్కువో తెలిస్తే, ఆరోగ్య కేంద్రం ఇంటికెళ్లి చూసే నర్సు రూటుని వచ్చే బడ్జెట్‌లోగా మారుస్తుంది." ఇలాంటి వాక్యాలు మూడో నాలుగో ఉంటే చాలు. వాక్యం రాయలేకపోతే ఆ వివరం సేకరించడం మానేయండి. పెద్దవాళ్ల సమయం విలువైనది, వాళ్ల వ్యక్తిగత వివరాలు ఇంకా విలువైనవి.

ఏయే విషయాల్లో నిర్ణయాలు ఉంటాయో తట్టకపోతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన ఎనిమిది అంశాల చట్రం పనికొస్తుంది: బయటి స్థలాలు–భవనాలు, రవాణా, ఇళ్లు, నలుగురితో కలవడం, గౌరవం–కలుపుకుపోవడం, పౌర జీవితం–ఉపాధి, సమాచారం అందడం, ఆరోగ్య–సహాయ సేవలు. ఎనిమిదింటినీ ఒకేసారి తలకెత్తుకోవద్దు. రెండు తీసుకుని లోతుగా చేస్తే ఆ పని నిలబడుతుంది.

ఈ మొదటి మీటింగ్‌లోనే పెద్దవాళ్లు కూర్చోవాలి. తర్వాత ప్రశ్నలకి జవాబులు చెప్పడానికి మాత్రమే పిలిస్తే చాలదు. ఏ ప్రశ్నలు అడగాలో వాళ్లే తేల్చాలి. వాళ్లలోనూ బాగా నడవగలిగి, మాట్లాడగలిగినవాళ్లే వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి, ఇల్లు కదలలేనివాళ్లని చూసుకుంటున్న కుటుంబ సభ్యుల్ని కూడా పిలవండి.

2. ఉన్న లెక్కల్ని ముందు వెతకండి

కొత్త సర్వేకి వెళ్లేముందు చేతికందే లెక్కలు ఎన్నో ఉంటాయి. జనగణనలో వయసుల వారీ పట్టికలు, జనన మరణాల నమోదు, పెన్షన్ జాబితాలు, ఓటర్ల జాబితాలో వయసులు, ఆరోగ్య కేంద్రం రిజిస్టర్లు, అంబులెన్స్ కాల్ రికార్డులు, బస్సు సర్వీసుల వివరాలు. వీటిలో కొన్ని అందరికీ అందుబాటులో ఉంటాయి, కొన్నింటికి రాతపూర్వకంగా అడగాలి. అడిగేటప్పుడు పేర్లు, చిరునామాలు వద్దని, వీధి లేదా వార్డు స్థాయిలో మొత్తాలు చాలని చెప్పండి. ఇచ్చేవాళ్లకి భయం తగ్గుతుంది, మీకు బాధ్యత తగ్గుతుంది.

ప్రతి జాబితా దేన్ని చూడలేదో తెలుసుకోవడం దానిలో ఉన్న అంకె ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. పెన్షన్ జాబితా పెన్షన్ అందుతున్నవాళ్లని చూపిస్తుంది, అర్హత ఉండి అందనివాళ్లు అందులో ఉండరు. ఆరోగ్య కేంద్రం రిజిస్టర్‌లో అక్కడిదాకా రాగలిగినవాళ్లే ఉంటారు. ఓటర్ల జాబితాలో వేరే ఊరు వెళ్లిపోయినవాళ్లు, చనిపోయినవాళ్లు కూడా కొన్నాళ్లు మిగిలిపోతారు. కాబట్టి రెండు జాబితాల్ని పక్కపక్కన పెట్టి తేడా చూడండి. ఒక వార్డులో జనగణన ప్రకారం 70 దాటినవాళ్లు బాగా ఉన్నా, ఆరోగ్య కేంద్రానికి వచ్చేవాళ్లలో ఆ వార్డువాళ్లు లేకపోతే, ఎక్కడ వాకబు చేయాలో ఆ తేడానే చెబుతోంది.

వయసుల విషయంలో ఒక జాగ్రత్త. పుట్టిన తేదీ కాగితాలు లేని తరంలో చాలామంది వయసుని 60, 65, 70 అని సున్నాకో ఐదుకో దగ్గర చేసి చెబుతారు. జనాభా లెక్కలు చేసేవాళ్లకి ఇది పాత సమస్య. దీన్ని కొలవడానికి విప్పుల్ (Whipple) సూచిక అనే పద్ధతే ఉంది. మీరు అంత దూరం వెళ్లక్కర్లేదు. 59, 61 ఏళ్లవాళ్లు చాలా తక్కువగా, సరిగ్గా 60 ఏళ్లవాళ్లు గుట్టగా కనిపిస్తే, ఒక్కో ఏడు లెక్కని నమ్మకుండా పదేళ్ల గుంపులుగా కలిపి చూసుకోండి. పాత సంఘటనల్ని గుర్తు చేసి వయసు అంచనా వేయడం కూడా సర్వేలలో బాగా పనిచేస్తుంది.

3. "60 దాటినవాళ్లు" అనే ఒక్క గుంపు చాలదు

62 ఏళ్ల మనిషి ఉద్యోగమో వ్యాపారమో చేస్తూ, మనవల్ని చూసుకుంటూ, సంఘం పనుల్లో తిరుగుతూ ఉండొచ్చు. 84 ఏళ్ల మనిషికి స్నానానికి కూడా తోడు కావాల్సి రావచ్చు. ఇద్దర్నీ ఒకే గడిలో వేసి లెక్కపెడితే ఇద్దరికీ పనికిరాని ప్రణాళిక తయారవుతుంది. కనీసం 60–69, 70–79, 80 ఆపైన అని విడదీయండి. స్త్రీ, పురుషులని విడదీయండి. దాదాపు అన్ని దేశాల్లోనూ ఆడవాళ్లు ఎక్కువ కాలం బతుకుతారు కాబట్టి పై వయసుల్లో ఒంటరిగా మిగిలేది ఎక్కువగా వాళ్లే. ఆ తర్వాత, ఒంటరిగా ఉంటున్నారా, భార్యాభర్తలిద్దరే ఉంటున్నారా, పిల్లలతో ఉంటున్నారా అన్నది చూడండి. నా దృష్టిలో వయసు తర్వాత అన్నింటికన్నా ముఖ్యమైన వివరం ఇదే.

శాతాలు, సంఖ్యలు రెండూ పక్కపక్కన రాసుకోండి. 200 మంది ఉన్న పల్లెలో 30 శాతం పెద్దవాళ్లంటే 60 మంది. 5,000 మంది ఉన్న వార్డులో 12 శాతమంటే 600 మంది. ఎన్ని పడకలు, ఎంతమంది నర్సులు కావాలన్నది సంఖ్యని బట్టి తేలుతుంది. పక్కింట్లో సాయానికి ఎవరైనా ఉన్నారా అన్నది శాతాన్ని బట్టి తెలుస్తుంది. ఆ చిన్న పల్లెలో అరవై మందే అయినా, వాళ్లని ఎత్తి ఆటో ఎక్కించే వయసువాళ్లు కరువు.

ఆ చోటికి వయసు ఎందుకు పైబడుతోందో కూడా చూడాలి. పుట్టేవాళ్లు తగ్గడం ఒక కారణం, పిల్లలు పనికోసం వెళ్లిపోవడం ఇంకొకటి. రిటైరైనవాళ్లు వచ్చి స్థిరపడటం, ఉన్నవాళ్లు ఉన్నచోటే పెద్దవాళ్లు కావడం కూడా ఉంటాయి. బయటికి మాత్రం అన్నిచోట్లా శాతం పెరుగుతున్నట్టే కనిపిస్తుంది. పిల్లలు వెళ్లిపోయిన చోట రోజువారీ తోడు సమస్య. రిటైరైనవాళ్లు వచ్చి చేరిన చోట కొత్త పరిచయాలు, సమాచారం సమస్య. పదేళ్ల కిందటి పట్టికలో 20–39 వయసువాళ్ల సంఖ్యని ఇప్పటి 30–49 వాళ్లతో పోల్చితే వలస ఎంతో స్థూలంగా అర్థమైపోతుంది.

4. పదేళ్ల తర్వాతి లెక్క వేయడం

చిన్న ప్రాంతాలకి జనాభా అంచనా వేయడానికి 1962 నుంచి వాడుకలో ఉన్న సులువైన పద్ధతి హామిల్టన్–పెర్రీ పద్ధతి. జననాలు, మరణాలు, వలసల లెక్కలు విడివిడిగా అక్కర్లేదు. పదేళ్ల తేడాతో రెండు జనగణనల వయసు పట్టికలుంటే చాలు. ఒక ఊహా వార్డుతో చేసి చూద్దాం.

పదేళ్ల కిందట 50–59 వయసువాళ్లు 600, 60–69 వాళ్లు 400, 70 ఆపైన 250. ఇప్పుడు అదే వరసలో 700, 540, 390. అప్పటి 50–59 వాళ్లే ఇప్పుడు 60–69 అయ్యారు. 540ని 600తో భాగిస్తే 0.90. ఈ నిష్పత్తిలో మరణాలు, వెళ్లినవాళ్లు, వచ్చినవాళ్లు అందరూ కలిసే ఉన్నారు. అలాగే అప్పటి 60 ఆపైన మొత్తం 650 మందిలోంచి ఇప్పటి 70 ఆపైన 390 మంది వచ్చారు. నిష్పత్తి 0.60.

ఇప్పుడు ముందుకి వెళ్దాం. ఇప్పటి 50–59 వాళ్లు 700. వాళ్లని 0.90తో గుణిస్తే, పదేళ్ల తర్వాత 60–69 వాళ్లు 630. ఇప్పటి 60 ఆపైన వాళ్లు 930. వాళ్లని 0.60తో గుణిస్తే, పదేళ్ల తర్వాత 70 ఆపైన 558 మంది. 60–69 గుంపు 17 శాతం మాత్రమే పెరిగింది, 70 ఆపైన గుంపు 43 శాతం పెరిగింది. ఎక్కువ సాయం అవసరమయ్యే వయసువాళ్లే వేగంగా పెరుగుతున్నారు. 60 ఆపైన అందర్నీ ఒకే మొత్తంగా చూసుంటే ఈ సంగతి బయటపడేది కాదు.

నిష్పత్తి 1 దాటితే బయటినుంచి ఆ వయసువాళ్లు వచ్చి చేరుతున్నారని అర్థం. పదేళ్లలో వార్డు సరిహద్దులు మారి ఉంటే లెక్క మొత్తం తప్పుతుంది కాబట్టి పాత మ్యాప్, కొత్త మ్యాప్ పక్కపక్కన పెట్టి సరిచూడండి. ఒక పెద్ద మహమ్మారో, కొత్త ఫ్యాక్టరీయో మధ్యలో వచ్చి ఉంటే పాత నిష్పత్తి ముందుకి పనికిరాకపోవచ్చు. అందుకే ఒకే అంకె చెప్పకండి. నిష్పత్తిని కాస్త తగ్గించి, కాస్త పెంచి, "సుమారు 520 నుంచి 600 మధ్య" అన్నట్టు చెబితే నిజాయితీగా ఉంటుంది, ఏ అంకె వచ్చినా నిలబడే నిర్ణయం తీసుకోవడానికి వీలవుతుంది.

5. మ్యాప్ మీద పెట్టండి, తర్వాత కాళ్లతో నడవండి

క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాతో మంచి మ్యాప్ తయారవుతుంది. కంప్యూటర్ చేతకాకపోతే పెద్ద కాగితం మీద గీసి రంగు చుక్కలు అంటించినా చాలు. పెద్దవాళ్లు ఎక్కువగా ఉన్న వీధులు, ఆరోగ్య కేంద్రం, మందుల షాపు, బస్టాపు, బ్యాంకు, కూర్చునే చోట్లు, పబ్లిక్ టాయిలెట్లు గుర్తించండి. టాయిలెట్లని చాలామంది మర్చిపోతారు. అది లేదనే కారణంతో బయటికి రావడం మానేసిన పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ప్రతిచోటా ఉంటారు.

ఆరోగ్య కేంద్రం చుట్టూ గుండ్రంగా గీత గీసి "అర కిలోమీటరులో ఇంతమంది ఉన్నారు" అనేయడం తేలిక. మధ్యలో రైలు పట్టాలో కాలువో ఉంటే ఆ అర కిలోమీటరు రెండు కిలోమీటర్లవుతుంది. నడిచే దారి పొడవునే కొలవండి. మెట్లు, విరిగిన కాలిబాట, వీధి దీపం లేని చోటు, నీడ, కూర్చునే బెంచీల మధ్య దూరం, అన్నీ రాసుకోండి. పెద్దవాళ్లని తోడు తీసుకుని వాళ్ల నడకతోనే నడవండి.

రోడ్డు దాటే సమయాన్ని స్టాప్‌వాచ్‌తో కొలిచి చూడండి. సిగ్నళ్ల సమయం లెక్కకట్టేటప్పుడు మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని చాలా దేశాల్లో అనుకుంటారు. 65 దాటినవాళ్లలో చాలామంది నడక 0.8, 0.9 మీటర్ల దగ్గర ఉంటుంది. 12 మీటర్ల రోడ్డు దాటడానికి మొదటివాళ్లకి 10 సెకన్లు, 0.8తో నడిచేవాళ్లకి 15 సెకన్లు. ఆ ఐదు సెకన్లూ మనిషి వాహనాల మధ్య ఉంటాడు. సింగపూర్ 2009లో దీనికి ఒక దారి కనిపెట్టింది: పెద్దవాళ్లు తమ కార్డుని సిగ్నల్ స్తంభం దగ్గర తాకిస్తే పచ్చ లైటు మరికొన్ని సెకన్లు ఉంటుంది.

అంబులెన్స్ రికార్డులు దొరికితే, పెద్దవాళ్లు పడిపోయిన కాల్స్‌ని మ్యాప్ మీద చుక్కలుగా పెట్టండి. ప్రపంచంలో ఏటా దాదాపు 6.84 లక్షల మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, వాళ్లలో 60 దాటినవాళ్లే ఎక్కువ. ఒకే మెట్ల దగ్గర, ఒకే మార్కెట్ గేటు దగ్గర చుక్కలు గుంపుకడితే ఆ చోటు బాగుచేసే పని రేపే మొదలుపెట్టొచ్చు.

6. మనుషుల్ని అడగండి

ఎంత మంచి పట్టికైనా కొన్నింటిని చూడలేదు. 1995 జులైలో షికాగోలో వచ్చిన వడగాలికి మామూలుకన్నా 700 మందికి పైగా ఎక్కువ చనిపోయారు. వాళ్లలో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లు చాలామంది. పేదరికంలో, ఒంటరి పెద్దవాళ్ల సంఖ్యలో ఒకేలా ఉన్న రెండు పక్కపక్క పేటల్లో మరణాల రేటు మాత్రం ఎంతో తేడాగా ఉంది. తక్కువ మంది పోయిన పేటలో వీధుల్లో షాపులు, జనం, సందడి ఉన్నాయి, పెద్దవాళ్లు బయటికి రావడానికి భయపడలేదు. రెండో పేటలో షాపులు మూతపడి, ఇళ్లు ఖాళీ అయి, వీధులు బోసిపోయాయి. జనగణన పట్టికలో ఈ తేడా కనిపించదు.

కాబట్టి సర్వేలో "మీకు ఏం కావాలి?" అనే ప్రశ్నకన్నా, "ఈ ఏడాదిలో ఏ పని మానేశారు? ఎందుకు?" అన్నది ఎక్కువ చెబుతుంది. "రాత్రి ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చేస్తారు?" అని అడగండి. "నిన్న ఎవరితో మాట్లాడారు?" అని అడగండి.

శారీరక ఇబ్బందుల గురించి అడగడానికి, వైకల్యం లెక్కల కోసం ఐక్యరాజ్యసమితి కింద ఏర్పడిన వాషింగ్టన్ గ్రూప్ తయారుచేసిన ఆరు ప్రశ్నలు చాలా దేశాల్లో వాడుతున్నారు. చూడటం, వినడం, నడవడం లేదా మెట్లెక్కడం, గుర్తుపెట్టుకోవడం లేదా దృష్టి నిలపడం, స్నానం, బట్టలు వేసుకోవడం లాంటి సొంత పనులు, ఎదుటివాళ్లకి అర్థమయ్యేలా మాట్లాడటం. ఒక్కోదానికి నాలుగు జవాబులు: ఇబ్బంది లేదు, కొంచెం ఉంది, చాలా ఉంది, అసలు చేయలేను. "మీకు వైకల్యం ఉందా?" అని అడిగితే చాలామంది పెద్దవాళ్లు లేదంటారు, వయసు వల్ల వచ్చింది మామూలే అనుకుంటారు. ఈ ఆరు ప్రశ్నలకి మాత్రం నిజం చెబుతారు. అందరూ ఒకే ప్రశ్నలు వాడితే పక్క ఊరితో పోల్చుకోవచ్చు కూడా.

ఎవర్ని అడగాలన్నది కూడా ఒక పద్ధతి ప్రకారం ఉండాలి. సంఘం మీటింగ్‌కి వచ్చినవాళ్లనే అడిగితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కథే వస్తుంది. 1,200 ఇళ్లలో 100 ఇళ్లు చూడాలంటే, మొదటి పన్నెండు ఇళ్లలో ఏదో ఒకటి చీటీ తీసి ఎంచుకుని, అక్కడినుంచి ప్రతి పన్నెండో ఇంటికి వెళ్లండి. తలుపు తీయకపోతే ఇంకో సమయంలో మళ్లీ వెళ్లండి, పక్కింటికి మారిపోవద్దు. ఫోన్ సర్వేలో చెవులు సరిగ్గా వినిపించనివాళ్లు, ఆన్‌లైన్ ఫారంలో ఫోన్ చేతకానివాళ్లు జారిపోతారు. ఇంట్లో కొడుకో కోడలో జవాబులు చెప్పేస్తుంటే మర్యాదగా, "అమ్మగారి మాట కూడా ఒకసారి వింటామండీ" అనండి. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ల విషయంలో చూసుకునేవాళ్ల జవాబే తీసుకోవాల్సి వస్తుంది. అప్పుడు ఎవరు చెప్పారో ఫారంలో రాయండి. చూసుకునేవాళ్ల నిద్ర, ఆరోగ్యం, సంపాదన గురించి కూడా రెండు ప్రశ్నలు ఉండాలి. వాళ్లు కుప్పకూలితే ఇంట్లో ఇద్దరూ మంచాన పడతారు.

7. వివరాల్ని కాపాడటం

ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల జాబితా దొంగలకి, మోసగాళ్లకి కూడా చాలా ఉపయోగపడే జాబితా. ఇది ఎప్పుడూ మనసులో ఉండాలి. పేర్లున్న ఫైలు వేరు, జవాబులున్న ఫైలు వేరు చేసి, రెంటినీ నంబరుతో కలపండి. పేర్ల ఫైలు ఇద్దరి దగ్గరే ఉండాలి. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు. బయటికిచ్చే పట్టికల్లో, మ్యాపుల్లో ఐదుగురికన్నానో పదిమందికన్నానో తక్కువ ఉన్న గడుల్లో అంకె చూపించకండి. "ఈ సందులో 80 దాటి ఒంటరిగా ఉన్నవాళ్లు: 1" అని రాస్తే పేరు చెప్పినట్టే.

పేర్లతో జాబితా నిజంగా కావాల్సిన సందర్భాలు ఉంటాయి. 2003 ఆగస్టు ఎండల్లో ఫ్రాన్స్‌లో దాదాపు 15,000 మంది మామూలుకన్నా ఎక్కువ చనిపోయారు, ఎక్కువమంది పెద్దవాళ్లే. ఆ మరుసటి ఏడు చట్టం తెచ్చి, ప్రమాద సమయంలో పలకరింపు కావాలనుకునే పెద్దవాళ్ల, వైకల్యం ఉన్నవాళ్ల రిజిస్టరు ఉంచే బాధ్యత మేయర్లకి అప్పగించారు. నమోదు స్వచ్ఛందం. ఇలాంటి జాబితా పెట్టాలంటే దాని ఉద్దేశం, ఎవరు చూస్తారన్నది, ఎప్పుడైనా పేరు తీయించుకోవచ్చన్నది ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. ఎండలకో వరదలకో పలకరించడానికి తీసుకున్న నంబరుని ఇంకే పనికీ వాడకూడదు, ఎన్నికల ప్రచారానికి అసలే వాడకూడదు.

8. లెక్కలనుంచి పనికి

ఇప్పుడు మొదట రాసుకున్న వాక్యాల దగ్గరికి వెళ్లండి. ఒక్కో దానికి ఒక్కో పేజీ: ఏం తెలిసింది, ఎంత నమ్మకంగా తెలిసింది, ఏం చేయొచ్చు, ఎవరు చేయగలరు. ఈ పేజీల్ని పెద్ద అక్షరాలతో ముద్రించి, చదవలేనివాళ్లకి చదివి వినిపించి, ఊరందరి ముందు పెట్టండి. ఏది ముందన్నది అక్కడ తేల్చుకోండి. ఎక్కువ చేతులెత్తిన పనే గెలవాలని లేదు. మీటింగ్‌కి రాలేనివాళ్ల అవసరం ఎంతో మీ దగ్గర లెక్క ఉంది, దాన్ని గట్టిగా చెప్పడం మీ బాధ్యత.

పనులు మొదలయ్యాక కొలవాల్సినవి తక్కువ పెట్టుకోండి. "ఆరు శిబిరాలు పెట్టాం" అన్నది మన శ్రమని కొలుస్తుంది. "వారంలో ఒక్కసారీ బయటికి రానివాళ్లు ఎంతమంది తగ్గారు" అన్నది వాళ్ల జీవితాన్ని కొలుస్తుంది. రెండోదాన్నే ఎంచుకోండి, అదే ప్రశ్నని అదే మాటల్లో మళ్లీ మళ్లీ అడగండి. మాటలు మారితే పాత జవాబుతో పోల్చలేం.

జపాన్‌లో జనాభాలో దాదాపు 29 శాతం 65 దాటినవాళ్లే. అక్కడి స్థానిక సంస్థలు పెద్దల సంరక్షణ ప్రణాళికని మూడేళ్లకొకసారి తిరగరాస్తాయి, దానికి ముందు స్థానిక అవసరాల సర్వే చేస్తాయి. చిన్న సంఘానికి కూడా ఈ మూడేళ్ల లయ బాగా కుదురుతుంది. మధ్యలో ఏడాదికొకసారి మరణాలు, వలసలు, మారిన బస్సు రూట్లు సరిచేసుకుంటే సరిపోతుంది.

ఇలాంటి పనులు ఆగిపోయేది ఎక్కువగా ఫైలు చూసే మనిషి బదిలీ అయినప్పుడే. అందుకే ఫైలు మొదటి పేజీలో ఈ లెక్క ఎక్కడినుంచి వచ్చింది, ఏ తేదీది, ఏ గుంపులుగా విడదీశాం, ఏం వదిలేశాం, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది, పేర్ల జాబితాని ఏ తేదీకి చెరిపేయాలి అన్నవి మామూలు తెలుగులో రాసి పెట్టండి. ఆ పేజీ చూసి కొత్తగా వచ్చిన మనిషి ఎవర్నీ అడగకుండా నిష్పత్తుల లెక్క మళ్లీ వేయగలగాలి. వేయగలుగుతున్నారో లేదో ఇప్పుడే ఎవరికైనా ఇచ్చి చేయించి చూడండి.